జోర్ సాహెబ్, ఆయన దోస్తులు

కాలేజీ దోస్తీ పరీక్షలతోనే అయిపోతుందని మన పెద్దలు అంటుంటారు. చాలామంది విషయంలో అది నిజమే. తలా ఒక ఉద్యోగం, తలా ఒక సంసారం. ఈద్‌నాడు ఎదురైతే గలే మిలి, సలాం చెప్పుకుని ఎవరి దారిన వాళ్ళం పోతాం. కాని మన హైదరాబాదులో ఒక దోస్తీ నుంచి ఒక సంస్థే పుట్టి, నేటికీ నిలిచి ఉన్నది. అందుకు మూలపురుషుడైన డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారిని గురించి మన సభ్యుల పిల్లలు తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

జోర్ సాహెబ్ హైదరాబాదులో ఖాద్రీ వంశంలో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడి, 1919లో తరగతులు మొదలయ్యాయి. ఇప్పటి ఆర్ట్స్ కాలేజీ భవనం అప్పటికింకా లేదు. అది 1939లో వచ్చింది. భవనం లేకున్నా చదువు మాత్రం మన భాషలో ఉండేది. చరిత్ర, సైన్సు, అన్నీ ఉర్దూలోనే. పానీపత్ నుంచి వచ్చిన మౌల్వీ వహీదుద్దీన్ సలీం గారు అక్కడ ఉర్దూ ఆచార్యులు. కొత్త శాస్త్రాలకు ఉర్దూలో మాటలు ఎట్లా కట్టాలో పుస్తకమే రాసిన పండితులాయన. అబ్దుల్ ఖాదిర్ సర్వరీ, అబ్దుల్ మజీద్ సిద్దీఖీ వంటివారు జోర్ సాహెబ్‌కు ముందువెనుకగా అక్కడే చదివారు.

ఈ యువకులను కలిపి ఉంచింది ఒక రోషం అని మాకు తోస్తుంది. ఉర్దూ కవిత్వానికి వలీయే ఆద్యుడని, దక్కనీ మోటు భాష అని ఆ రోజుల్లో చాలామంది అనుకునేవారు. కేవలం వాదించి కూర్చుంటే ఆ మాట పోదు. పాత రాతప్రతులు వెతికి, చదివి, అచ్చువేసి చూపాలి. ఆ పని ఒక్కడి వల్ల కాదు. అందుకే దోస్తులు కావలసి వచ్చారు.

1927లో ఎం.ఏ. చేసి జోర్ సాహెబ్ లండన్ వెళ్ళి డాక్టరేటు తెచ్చుకున్నారు. పారిస్‌లో ధ్వనిశాస్త్రం చదివారు. తిరిగి వచ్చాక 1931లో మిత్రులతో కలిసి ఇదారె అదబియాతె ఉర్దూ స్థాపించారు. ఉస్మానియా వారే కాక, దక్కనులో ఉర్దూ చరిత్ర రాసిన నసీరుద్దీన్ హాష్మీ గారు కూడా చేయి కలిపారు. 1938లో సబ్‌రస్ పత్రిక మొదలైంది. బడికి పోలేని వారి కోసం కూడా ఉర్దూ పరీక్షలు పెట్టారు.

పని పంచుకున్నారు. జోర్ సాహెబ్ 1940లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కవితలన్నీ సంపాదించి ప్రకటించారు. చార్మినార్ కట్టించిన ఆ సుల్తాను వలీకి సుమారు నూరేండ్ల ముందువాడు. ఆయన కవితల్లో తెలుగు మాటలూ ఉన్నాయి. సర్వరీ సాహెబ్ ఇబ్నె నిషాతీ రాసిన ఫూల్‌బన్‌ను, సిద్దీఖీ సాహెబ్ నుస్రతీ రాసిన అలీనామాను వెలికి తెచ్చారు. రాతప్రతుల వివరపట్టిక ఐదు సంపుటాలయింది. తరువాత పంజాగుట్టలో ఐవానె ఉర్దూ భవనం లేచింది. దానికి స్థలం ఇచ్చినది జోర్ సాహెబ్ భార్య, కవయిత్రి తహ్నియతున్నిసా బేగం గారు.

చివరి రోజుల్లో జోర్ సాహెబ్ కాశ్మీర్ విశ్వవిద్యాలయంలో ఉర్దూ శాఖకు పెద్దగా వెళ్ళి, 1962లో శ్రీనగర్‌లోనే కన్నుమూశారు. ఆయన తరువాత ఆ శాఖకు వెళ్ళినది ఎవరో కాదు, సర్వరీ సాహెబే. కాశ్మీరులో ఉర్దూ చరిత్ర రాసి, ఆయనా అక్కడే 1971లో పోయారు. దోస్తు వదిలిన పని దోస్తు అందుకోవడం అంటే ఇదే.

మన పాతబస్తీ ఇండ్లలో తాతల నాటి కితాబులు సంచుల్లో మూలుగుతున్నాయి. చదివే పిల్లలు తక్కువై, కొన్ని రద్దీవాడి తక్కెడకు కూడా పోతున్నాయి. బడిపంతులుగా ఇది చూసి మాకు మనసు కలుక్కుమంటుంది. కాలేజీకి పోయే మన పిల్లలు నలుగురు దోస్తులు కలిసి, ఒక్క గల్లీ పుస్తకాలైనా కాపాడితే చాలు; జోర్ సాహెబ్ రుణం కొంత తీరుతుంది.

అల్లాహ్ ఆ మర్హూంలందరికీ జన్నత్ ప్రసాదించుగాక. ఆమీన్.