ముద్దుపళని పద్యాలను కాపాడినామె

మన రామప్పల మదనికల పక్కన ఫోటోలు దిగుతం. గదే శృంగారం ఆడమనిషి రాస్తె బూతైతదా తమ్మీ?

బెంగళూరు నాగరత్నమ్మ 1878ల పుట్టిన దేవదాసి, పెద్ద పాటగత్తె. తంజావూరు కొలువుల ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ అచ్చుల సూస్తె పద్యాలు కోసేసి ఉన్నయ్. రాతప్రతి సంపాయించి, 1910ల వావిళ్ల వాళ్లతోని నిండు పుస్తకం ఏయించింది. ఆ కావ్యాన్ని బూతన్న వీరేశలింగం పంతులును, ఆయన గూడ గసొంటియి రాసిండు గదా అని ముందుమాటల నిలదీసింది. నాకు మస్తు నచ్చేది గా నిలదీసుడే. 1911ల సర్కారు పుస్తకాలను జప్తు చేసింది. టంగుటూరి ప్రకాశం పూనుకుంటెనే నిషేధం పోయింది.

పాటల సొమ్మంత తిరువయ్యారుల త్యాగయ్య గుడికి పెట్టింది. ఆడ ఆడోళ్లను పాడనియ్యకుంటె, ఆడోళ్లతోనే వేరే ఆరాధన జరిపింది. 1952ల పోయింది. ఆమె సమాధి గూడ ఆడనే, త్యాగయ్యకు ఎదురుంగ.