ద్వారం వెంకటస్వామినాయుడు గారు

పాశ్చాత్యుల సింఫనీ వాద్యగోష్ఠిని ఎదుట కూర్చుండి వినువారిని మొదట ఆకర్షించునది కమానుల కదలిక. వేదికపై నూరుమంది వరకు వాద్యకారులుందురు. వారిలో వయొలిను వాయించువారే అధికులు. నిర్వాహకుని చేతికఱ్ఱ లేచినంతనే వారి కమానులన్నియు ఒక్కమాఱుగా లేచును, ఒక్కమాఱుగా దిగును. అందు ఒక్కని నాదము వేఱుగ వినబడరాదు. అట్టి వాద్యమును వేదికపై ఒంటరిగ పలికించి, తెలుగువారిని గంటలకొలది మైమఱపించిన విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు.

వారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించిరి. తండ్రి సైనికోద్యోగి. బాల్యము విశాఖపట్టణమున గడచెను. చూపు మందమగుటచే బడిచదువు ముందునకు సాగలేదు. తండ్రి చేసిన కొలువు వంటిది అట్టి బాలునకు దక్కునా? అన్న వెంకటకృష్ణయ్య వయొలిను విద్య నెఱిగినవాడు. ఆయనయే తమ్మునకు గురువయ్యెను. కన్ను చేయలేని పనిని చెవియు వ్రేళ్లును చేయసాగెను.

1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసెను. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. నాయుడుగారు విద్యార్థిగ చేరుటకై అచ్చటికి పోయిరి. వారి వాద్యమును వినిన పెద్దలు, విద్యార్థిగ గాక, వయొలిను ఆచార్యునిగ నియమించిరి! 1936లో వారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి.

వయొలిను మన దేశమున పుట్టినది కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి చెన్నపట్టణపు కోటలోని ఆంగ్లేయుల బ్యాండువారి వలన దానిని నేర్చెనని చెప్పుదురు. పాశ్చాత్యులు దానిని గడ్డము క్రింద ఆనించి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి, వాద్యము తలను పాదముపై మోపుదురు. అందుచే ఎడమచేయి తీగపై స్వేచ్ఛగ జాఱి గమకములను పలికింపగలదు. అయినను అది బహుకాలము గాయకుని వెన్నంటి నడచెడి పక్కవాద్యముగనే యుండెను. నాయుడుగారు పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధతో పరిశీలించి, అందలి నిండుదనమును గ్రహించిరి. గమకమును మాత్రము విడువలేదు. 1938లో వేలూరున వారు తొలిసారి వయొలినునే ప్రధానముగ జేసి కచేరి చేసిరి. గాయకుడు లేని కచేరిని జనులు విందురా యను శంక అంతటితో తీఱెను.

1952లో యెహూది మెనూహిన్ మనదేశమునకు వచ్చెను. అతడు బాల్యమునుండియు మహావాద్యబృందముల ముందు నిలిచి వాయించిన జగద్విఖ్యాతుడు. చెన్నపట్టణమున న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి యింట నాయుడుగారి వాద్యమును విని ముగ్ధుడయ్యెను. అతనికి అలవాటైన సంగీతమున పలు స్వరములు ఒక్కమాఱు కలసి మ్రోగును. ఇచ్చట ఒక్క రాగమే దారమువలె సాగుచుండెను. తన చేతి వాద్యమే పరభాష పలుకుటను విన్నట్లు అతనికి తోచెను కాబోలు!

విజయవాడలో ఆకాశవాణి కేంద్రము 1948లో వెలసెను. అంతట నందిగామ, జగ్గయ్యపేట వంటి మెట్ట యూళ్లలో, దూరపు కచేరీలకు పోజాలనివారికిని విద్వాంసుల సంగీతము ఇంటి ముంగిటికి వచ్చెను. రేడియో చేసిన మేలు గొప్పది. కాని ఎదుట కూర్చుండి వినుటలోని రుచి వేఱు. కమాను తీగను తాకకముందే సభ ఊపిరి బిగబట్టును. ఆ నిశ్శబ్దము రేడియో పెట్టెలో ఇమడదు. శ్రోతల ముఖములు స్పష్టముగ కానరాని నాయుడుగారికి సభ మనస్సును తెలిపినది ఆ నిశ్శబ్దమే యైయుండును.

మద్రాసు సంగీత అకాడమి 1941లో వారిని సంగీత కళానిధి బిరుదముతో గౌరవించెను. 1957లో పద్మశ్రీ లభించెను. 1964 నవంబరు 25న వారు పరమపదించిరి. కుమార్తె మంగతాయారుగారు తండ్రి బాణీలో వయొలిను వాయించి ప్రసిద్ధి గాంచిరి. శతజయంతి సంవత్సరమగు 1993లో భారత తపాలాశాఖ నాయుడుగారి పేర తపాలాబిళ్లను వెలువరించెను.