కొంగునాటి తెలుగు బిడ్డ - జి. డి. నాయుడు గారి జీవితం

నేడు మన ఇండ్లలో కరెంటు వస్తువు లేని గది కనబడదు. వంటింట్లో గ్రైండరు, మిక్సీ. ముందు గదిలో ఫ్యాను. అద్దం దగ్గర గడ్డం గీసుకునే మిషను. పొలం గట్టున నీళ్ళు తోడే మోటారు. వీటిలో పెక్కింటి మీద ఉండేవి ఏ దూరదేశపు కంపెనీల పేర్లో. అట్టి వస్తువులను మన దేశంలోనే, మన పనివాళ్ళ చేతులతోనే, సామాన్య గృహస్థు కొనగల వెలకు తయారు చేయవచ్చునని నమ్మి యావజ్జీవితం పాటుబడిన తెలుగువారొకరున్నారు. వారు తెలుగుదేశంలో పుట్టలేదు. మన పిల్లలవలెనే పరభాషా ప్రాంతంలో పుట్టి పెరిగినవారు. వారే గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారు. లోకం వారిని జి. డి. నాయుడు అని పిలిచింది.

విజయనగర ప్రభువుల కాలంలోను, అటు తరువాతను పెక్కు తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలివెళ్ళి, కోయంబత్తూరు చుట్టుపట్ల గల కొంగునాట స్థిరపడినవి. తరాలు గడిచినా వారికి ఇంట తెలుగు, వీధిలో తమిళం. తుంగభద్ర కాలువ వెంట సింధనూరు, మాన్వి తాలూకాల క్యాంపుల్లో కాపురాలు పెట్టిన మనవారికి, ఉద్యోగాలకో వ్యాపారాలకో రాయచూరు చేరినవారికి ఇది తెలియని సంగతి కాదు. అట్టి ఒక రైతు కుటుంబంలో, కలంగల్ అనే గ్రామంలో, 1893 మార్చి 23వ తేదీన నాయుడు గారు జన్మించారు.

బడి ఆయనకు ఏమాత్రమూ రుచించలేదు. చదువు మధ్యలోనే ఆగిపోయింది. పొలం పనులు చేసుకుంటూ ఉండగా ఒకనాడు ఒక ఇంగ్లీషు ఉద్యోగి మోటారు సైకిలు మీద రావడం చూశారు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతటదే పరుగెత్తుతున్నది! ఆ బండిని కొనాలి, దాని లోపల ఏమున్నదో చూడాలి అనే పట్టుదల ఆ యువకునిలో పుట్టింది. కోయంబత్తూరు వెళ్ళి హోటలులో సర్వరుగా పనికి కుదిరారు. ఇడ్లీ పళ్ళెములు అందించి కూడబెట్టిన డబ్బుతో ఆ రడ్జ్ కంపెనీ మోటారు సైకిలును కొన్నారు. కొని దాని మీద ఊరేగి ఊరుకోలేదు. మరలు విప్పి, మళ్ళీ బిగించి, యంత్రం మర్మం గ్రహించారు. ఆయన చదివిన ఇంజనీరింగు కాలేజీ అదే.

తరువాత తిరుప్పూరులో పత్తి జిన్నింగు వ్యాపారం పెట్టి బాగా గడించారు. గడించినది తీసుకొని బొంబాయి పత్తి బజారులో దిగి పోగొట్టుకున్నారు. పత్తి ధర మనిషిని ఎలా లేపుతుందో, ఎలా పడవేస్తుందో రాయచూరు వారికి వేరే చెప్పనక్కరలేదు. అంతటితో కుంగిపోయి ఉంటే ఆయన కథ మనకు తెలిసేదే కాదు. కోయంబత్తూరులో మోటారు వ్యాపారం చేస్తున్న స్టేన్స్ దొర సహాయంతో ఒక బస్సు సంపాదించి, 1920లో పొల్లాచి, పళని మధ్య నడిపారు. తొలి రోజులలో డ్రైవరు ఆయనే. వేళ తప్పకుండా బస్సు నడపడం ఆయన వ్రతం. ఆ ఒక్క బస్సు పెరిగి పెరిగి యూనివర్సల్ మోటారు సర్వీసు అయింది. 1933 నాటికి దానిలో 280 బస్సులు ఉండేవి.

ధనం వచ్చిన తరువాత నాయుడు గారి మనసు మళ్ళీ తన మొదటి ప్రేమకే, అనగా మరలకే మళ్ళింది. ఐరోపా దేశాలకు వెళ్ళి కర్మాగారాలు చూశారు. జర్మనీ పనితనం ఆయనను ఆకట్టుకొన్నది. 1930ల దశకంలో ఆయన రూపొందించిన 'రసంత్' అనే ఎలక్ట్రిక్ రేజరు జర్మనీలోనే తయారైంది. పిడిలో చిన్న మోటారు, దానిని నడిపేందుకు టార్చిలైటులో వేసేటటువంటి డ్రై సెల్లు. గోడకు కరెంటు ప్లగ్గు లేని ఇంట్లోనూ, ప్రయాణంలోనూ పనిచేస్తుంది. పల్లెలకు కరెంటు రాని ఆ రోజులలో ఇది ఎంత ముందుచూపో గమనించండి. కిరసనాయిలుతో తిరిగే ఫ్యానును కూడా ఆయన రూపొందించారు. పండ్ల రసం తీసే యంత్రం, అతి పలుచని గడ్డం బ్లేడు, ఓట్లు నమోదు చేసే యంత్రం కూడా ఆయన రూపొందించినవే.

1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి కోయంబత్తూరులో ఎలక్ట్రిక్ మోటారు తయారు చేయించారు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దానిని చెబుతారు. నేడు కోయంబత్తూరు పంపుసెట్లకు, తడి గ్రైండర్లకు దేశమంతటా పేరు ఉన్నది. ఆ పరిశ్రమకు తొలినాళ్ళలో దారి వేసినవారిలో నాయుడు గారు ఒకరు. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని ప్రకటించారు. రేడియో అంటే ధనికుల ఇంటి అలంకారంగా ఉన్న కాలమది.

ఇక్కడ ఒక పోలిక చూడాలి. హాలండులో ఐందోవెన్ అనే చిన్న పట్నంలో 1891లో గెరార్డ్ ఫిలిప్స్, ఆయన తండ్రి కలిసి విద్యుద్దీపాల ఫ్యాక్టరీ పెట్టారు. తండ్రి బ్యాంకరు. తమ్ముడు ఆంటన్ వచ్చి అమ్మకాల భారం నెత్తిన వేసుకున్నాడు. 1914లో సొంత పరిశోధనాలయం పెట్టుకున్నారు. దీపాల తరువాత రేడియోలు. 1930లో కలకత్తా చేరారు. 1939లో ఎలక్ట్రిక్ రేజరు తెచ్చారు. వారి పేరు నేటికీ ఇంటింటా వినబడుతున్నది. వారికంటె కాస్త ముందుగానే రేజరు చేసిన మన నాయుడు గారి 'రసంత్' పేరు మనలో ఎందరికి తెలుసు?

కారణం తెలివితేటల కొరత కాదు. ఫిలిప్స్ వారికి పెట్టుబడి ఉన్నది, పరిశోధన ఉన్నది, ఒక వస్తువును పట్టుకొని ఏళ్ళ తరబడి అమ్మే యంత్రాంగం ఉన్నది. నాయుడు గారు ఒక వస్తువు పూర్తికాగానే మరొక దానిమీదికి పోయేవారు. ఇది ఆయనలోని లోపమేనని నా అభిప్రాయం. అయితే ప్రభుత్వాలు కూడా ఆయనకు చేయూత ఇవ్వలేదు. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న కారును 2000 రూపాయల వెలకు తయారు చేసి చూపితే, దానికి లైసెన్సు దొరకలేదు. తయారీ ఆగిపోయింది.

వస్తువులు నిలవకపోయినా, మనుషులను తయారు చేసే పని నిలిచింది. 1945లో ఆయన విరాళంతో, ఆనాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో సాంకేతిక కళాశాల వెలిసింది. బడి చదువు పూర్తి చేయని మనిషి దానికి ప్రిన్సిపాలు అయ్యారు! చేతిపని నేర్పే చదువుకు ఏళ్ళ తరబడి కాలం వ్యర్థం చేయనక్కరలేదని ఆయన వాదం. అది అధికారులకు నచ్చక ఆయన ఆ పదవి విడిచిపెట్టారు. ఆ కళాశాలే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. ఆయన సేకరించిన యంత్రాల ప్రదర్శనశాల అవినాశి రోడ్డులో నేటికీ ఉన్నది. 1974 జనవరి 4వ తేదీన నాయుడు గారు కన్నుమూశారు. 2025లో అదే రోడ్డు మీద కట్టిన పది కిలోమీటర్ల వంతెనకు ఆయన పేరు పెట్టారు.

ఈ జీవితం వలన మనము గ్రహించవలసినది ఏమి? మన కుటుంబాలలో పిల్లవాడు ఐ.టి.ఐ.లో చేరి ఫిట్టరు పని నేర్చుకుంటానంటే మొగం చిన్నబుచ్చుకునే తండ్రులు ఇంకా ఉన్నారు. కుర్చీ, కలం ఉంటేనే గౌరవమని మన భ్రమ. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి కలమే పట్టిన నేను ఆ కలాన్ని తక్కువ చేయడం లేదు. కాని రెంచి పట్టిన చేయి కూడా అంతే గౌరవనీయమని కొంగునాటి ఆ తెలుగు బిడ్డ నిరూపించారు. పరాయి ప్రాంతంలో మనకు తాతల ఆస్తి, పలుకుబడి ఉండవు. చేతిలోని విద్యే మన ఆస్తి.

ఇంట్లో పాడైన ఫ్యానును మీ అబ్బాయి గాని, అమ్మాయి గాని విప్పుతుంటే, కరెంటు ప్లగ్గు తీసి ఉన్నదో లేదో చూసి, దయచేసి విప్పనివ్వండి. ఈ ఉగాదినాడు మన పిల్లలకు మనమివ్వగల కానుక అదే.