శబ్దవివేకి ఫౌలర్

ఇంగ్లీషు వ్రాసేవారికి ఈ మాట సాధువా, ఆ మాట సాధువా అనే సందేహం కలిగినప్పుడు మొట్టమొదట స్మరణకు వచ్చే పేరు హెన్రీ వాట్సన్ ఫౌలర్. ఆయన 1858 మార్చి 10వ తేదీన ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జిలో జన్మించినాడు. ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాలలో చదివి, 1882లో సెడ్‌బర్ పాఠశాలలో ఉపాధ్యాయుడై, పదునేడేండ్లు పనిచేసినాడు.

అక్కడ ఒక విద్యార్థి వసతిగృహానికి అధిపతి అయ్యే అవకాశం ఆయనకు లభించినది. కాని ఆ పదవిలో ఉన్నవారు బాలురను క్రైస్తవ మతదీక్షకు సిద్ధపరచవలె. తనకు లేని విశ్వాసాన్ని పిల్లలకు బోధించుటకు ఫౌలర్ మనస్సు అంగీకరించలేదు. పదవిని కాదన్నాడు. 1899లో ఉద్యోగాన్నే విడిచినాడు. అప్పటికాయన వయస్సు నలుబదియొక్క ఏండ్లు. మనస్సులో లేని మాటను నోట పలుకలేని ఆ స్వభావమే తరువాత ఆయన శబ్దవిచారానికి మూలధనమైనది.

కొంతకాలం లండనులో వ్యాసాలు వ్రాసి, 1903లో గెర్న్‌సీ ద్వీపంలోని తమ్ముడు ఫ్రాన్సిస్ చెంతకు చేరినాడు. సోదరులిరువురు కలిసి 1906లో ‘ది కింగ్స్ ఇంగ్లీష్’ను, 1911లో ‘కన్సైజ్ ఆక్స్‌ఫర్డ్’ నిఘంటువును వెలువరించినారు. 1915లో, ఏబదియేడేండ్ల ప్రాయంలో, తన వయస్సు నలుబదినాలుగని చెప్పి ఫౌలర్ సైన్యంలో చేరినాడు. సత్యసంధుడైన ఆయన దేశం కొరకు ఆడిన అబద్ధమది. తమ్ముడును సైన్యంలో చేరి, క్షయవ్యాధికి గురియై 1918లో మరణించినాడు. ఇరువురు కలిసి సంకల్పించిన గ్రంథాన్ని అన్న ఒంటరిగా పూర్తిచేసి, తమ్మునికే అంకితమిచ్చినాడు. 1926లో వెలువడిన ‘మోడరన్ ఇంగ్లీష్ యూసేజ్’ అదే.

ఒకే పోలికగల మాటలను వేరుచేయుటలో ఆయనది అందెవేసిన చేయి. అధికారం చెలాయించే గుణానికి ‘మాస్టర్‌ఫుల్’, ఆరితేరిన నేర్పుకు ‘మాస్టర్లీ’ అని విభజించినాడు. వస్తువును నిర్దేశించే ఉపవాక్యానికి ‘దట్’, అదనపు విశేషాన్ని చెప్పేదానికి ‘విచ్’ వాడటం మేలన్నాడు. అయితే మంచి రచయితలు సైతం అధికులు ఆ విధంగా వ్రాయటంలేదని తానే ఒప్పుకొన్నాడు.

నిరాధారమైన నిషేధాలను మాత్రం ఆయన మన్నించలేదు. ‘టు’కు, దాని వెంట వచ్చే క్రియకు నడుమ మరొక మాట చేరరాదని పలువురు ఉపాధ్యాయులు శాసించేవారు. విడదీయకున్న అర్థం చెడే చోట, వాక్యం కృతకమయ్యే చోట విడదీయుటే యుక్తమని ఫౌలర్ తీర్పు. వాక్యం చివర ప్రిపోజిషన్ ఉండరాదనుట వట్టి మూఢవిశ్వాసమని త్రోసిపుచ్చినాడు.

1933 డిసెంబరు 26న సోమర్సెట్ సీమలోని హింటన్ సెయింట్ జార్జి గ్రామంలో ఆయన కన్నుమూసినాడు. 1965లో సర్ ఎర్నెస్ట్ గవర్స్ ఆ గ్రంథాన్ని సంస్కరించి ప్రకటించినాడు. ఫౌలర్ విధించిన నియమాలలో కొన్ని సడలిపోయినవి. విద్యార్థికి నియమంతోపాటు దాని హేతువును కూడా చెప్పవలెననే ఆయన మార్గం మాత్రం ఉపాధ్యాయలోకానికి నేటికిని శిరోధార్యం.