తండ్రి ముఖం చూసి నేర్చుకున్న బిడ్డ

ఆదివారం పూజలో చిన్నపిల్లలు గురువు వైపు కంటే తల్లిదండ్రుల వైపే ఎక్కువగా చూస్తారు. అమ్మ మోకరిస్తే మోకరిస్తారు. నాన్న వెనక్కు తిరిగి మాట్లాడితే వాళ్ళూ తిరుగుతారు. బలిపీఠం దగ్గర నిలబడే మాకు ఇది బాగా కనిపిస్తుంది. దీనికి విసుక్కోనవసరం లేదు. ఇలా చూసి నేర్చుకునే ఒక పసిబిడ్డ పునీతురాలైంది. ఆమే మనం చిన్న తెరేసమ్మ అని ప్రేమగా పిలుచుకునే పునీత బాలయేసు తెరేసమ్మ.

ఫ్రాన్సు దేశంలోని అలాన్సోన్ పట్టణంలో 1873 జనవరి 2న ఆమె జన్మించింది. తండ్రి లూయీ మార్టిన్ గడియారాల పని చేసేవారు. తల్లి జెలీ లేసు అల్లికల వ్యాపారం నడిపేవారు. తొమ్మిదిమంది బిడ్డల్లో నలుగురు చిన్నతనంలోనే చనిపోగా, మరీ, పౌలీన్, లెయోనీ, సెలీన్, తెరేస మిగిలారు. ఆదివారం బేరం పోతుందని స్నేహితులు చెప్పినా లూయీ ఆ రోజు దుకాణం తెరిచేవారు కారు. దంపతులిద్దరూ తెల్లవారుజామునే పూజకు వెళ్ళేవారు. పిల్లలు రోజూ చూసిన పాఠం ఇదే.

పెద్దల్ని చూసి పెద్దక్కలు, అక్కల్ని చూసి చెల్లెళ్ళు నేర్చుకున్నారు. చిన్న త్యాగం చేసిన ప్రతిసారీ ఒక పూస జరుపుకొమ్మని పెద్దక్క మరీ ఒక పూసలదండ ఇచ్చింది. పసి తెరేస రోజంతా జేబులో చెయ్యి పెట్టి పూసలు జరుపుతూ ఉండేది. తోటలో సెలీన్, తెరేస వీటి గురించే మాట్లాడుకుంటుంటే పక్కింటావిడకు అదేమిటో అర్థం కాలేదు.

1877 ఆగస్టు 28న జెలీ రొమ్ము క్యాన్సరుతో మరణించారు. అప్పటికి తెరేసకు నాలుగున్నరేళ్ళు. సెలీన్ మరీని, తెరేస పౌలీన్‌ను అమ్మగా ఎంచుకున్నారు. ఆ ఏడే కుటుంబం లిసియూ పట్టణానికి మారింది. అక్కడ తండ్రి ఇచ్చే నాణేన్ని బీదల చేతికి అందించడం తెరేస వంతు. ఒకసారి చంక కర్రలతో నడిచే ఒకాయన ఆ నాణెం తీసుకోలేదు. తన ప్రథమ సత్ప్రసాద స్వీకరణ రోజున ఆయన కోసం ప్రార్థించాలని ఆ చిన్నది అనుకుంది. ఐదేళ్ళ తరువాత, 1884లో, ఆ మాట మరువకుండా నెరవేర్చింది. గుడిలో తాను ప్రసంగించే గురువు కంటే తండ్రి ముఖాన్నే ఎక్కువగా చూసేదాన్నని ఆత్మకథలో రాసుకుంది. గురువులమైన మేము ఆ మాటకు చిన్నబుచ్చుకోము.

1888 ఏప్రిల్ 9న, పదిహేనేళ్ళకే, ఆమె అక్కలు పౌలీన్, మరీ ఉన్న కార్మెల్ మఠంలో చేరింది. మరుసటి ఏడు తండ్రికి మతి చలించి మూడేళ్ళు ఆసుపత్రిలో ఉండవలసివచ్చింది. కష్టాన్ని దేవుని చేతిలో పెట్టడం ఎలాగో ఆ బిడ్డలు అప్పుడూ తండ్రినుండే నేర్చుకున్నారు. క్షయవ్యాధితో 1897 సెప్టెంబరు 30న, ఇరవైనాలుగేళ్ళకే తెరేస కన్నుమూసింది. 1925లో పునీతురాలిగా, 1997లో శ్రీసభ పండితురాలిగా ప్రకటింపబడింది.

అయితే ఈ కథలో లెయోనీని మరచిపోకూడదు. అదే ఇల్లు, అదే తల్లిదండ్రులు. కాని ఆమె మొండికేసేది. బడివాళ్ళు తిప్పి పంపేశారు. ఇంట్లో పనిమనిషి ఆ బిడ్డను చాటుగా బెదిరించి తన మాటే వినేలా చేసుకుందని జెలీకి తాను చనిపోయే ఏడాదే తెలిసింది. పిల్లలు ప్రేమించేవారినే కాదు, భయపడేవారిని కూడా అనుసరిస్తారు. మన బిడ్డల దగ్గర మనం లేనప్పుడు ఎవరుంటున్నారో చూసుకోవాలి.

లెయోనీ మఠంలో చేరడానికి మూడుసార్లు ప్రయత్నించి ఇంటికి తిరిగి వచ్చింది. తెరేస పోయిన తరువాత, 1899లో, కాన్ పట్టణంలోని విజిటేషన్ మఠంలో మళ్ళీ చేరి, 1941లో మరణించేవరకు అక్కడే నిలిచింది. చెల్లెలు రాసిన పుస్తకమే ఆమెకు దారి చూపింది. చిన్నదాన్ని చూసి పెద్దది నేర్చుకుంది.

2015 అక్టోబరు 18న పోపు ఫ్రాన్సిస్ లూయీ, జెలీ దంపతులను కలిపి పునీతులుగా ప్రకటించారు. అంతకు తొంభై ఏళ్ళ ముందే వారి చిన్నబిడ్డ ఆ గౌరవం పొందింది.

ప్రియమైన తల్లిదండ్రులారా, మీ ఇంట్లో ఒక బిడ్డ తెరేసలా వెంటనే అందుకోవచ్చు, మరొక బిడ్డ లెయోనీలా ముప్పై అయిదేళ్ళ వరకూ తడబడవచ్చు. ఆ బిడ్డను మందలించే ముందు ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో మీరు మోకరించండి. బిడ్డలు చూస్తూనే ఉంటారు.