పసివారి బుద్ధిని ఓపికతో చదివిన ఆల్‌ఫ్రెడ్ బినే

చదువులో వెనుకబడిన బిడ్డను మొద్దు అని కొట్టిపారేయడం ఏ దేశపు బడికీ కొత్త కాదు. ఆ మాటనే పరీక్షకు నిలబెట్టిన ఫ్రెంచి మనస్తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ బినే 1857 జూలై 8న నీస్ పట్టణంలో జన్మించారు. తండ్రి వైద్యుడు, తల్లి చిత్రకారిణి. 1878లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొన్నా ఆ వృత్తిలో నిలువక, పారిస్ జాతీయ గ్రంథాలయంలో కూర్చుని మనస్తత్వశాస్త్రాన్ని స్వయంగా అభ్యసించారు.

తొలి అడుగులోనే గట్టి దెబ్బ తగిలింది. సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో వద్ద పనిచేస్తూ, హిప్నాటిజంలో ఉన్న రోగి లక్షణాలను అయస్కాంతంతో ఒక పక్కనుండి మరొక పక్కకు మార్చవచ్చునని ప్రకటించారు. రోగుల ఎదుట ఆడిన మాటలే వారికి సూచనలవుతున్నవని బెల్జియం పండితుడు డెల్బెఫ్ ఎత్తిచూపగా, బినే తన పొరపాటును ఒప్పుకొనవలసి వచ్చింది. పరీక్షించేవాని కోరికే ఫలితమై కూర్చుంటుందన్న ఎరుక ఆయనను మరి విడువలేదు. తరువాత తలల కొలతలతో బుద్ధిని తూచబోయి, తన చేతి కొలతలనే శంకించారు. నిజానికి, ఇంట తన కుమార్తెలు మదలీన్, ఆలిస్ ఒకే ప్రశ్నను చెరొక దారిన ఆలోచించడమే ఆయనకు అసలు పాఠమయిందనాలి.

1882లో ఫ్రాన్సులో నిర్బంధ విద్య వచ్చింది. అన్ని రకాల పిల్లలూ బడికి చేరారు. తరగతిలో నెగ్గుకురాలేనివారిని గుర్తించి ప్రత్యేక బోధన ఏర్పరచడానికి 1904లో ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. అందులో బినే ఒకరు. ఒకే బిడ్డను గురించి ఒక్కొక్క వైద్యుడు ఒక్కొక్క తీర్పు చెప్పే రోజులవి. ఉపాధ్యాయుని విసుగు సరేసరి. యువ వైద్యుడు తియోడోర్ సిమోన్‌తో కలిసి బినే 1905లో, సులభం నుండి కష్టానికి పేర్చిన 30 అంశాల పరీక్షను వెలువరించారు. 1908లో దానిని వయస్సులవారీగా అమర్చారు. మూడేళ్ల బిడ్డ ముక్కు, కళ్లు, నోరు చూపాలి. ఐదేళ్ల బిడ్డ రెండు బరువులలో ఏది ఎక్కువో చెప్పాలి, చతురస్రం చూచి గీయాలి. బడి చదువుపై ఆధారపడిన అంశాలను 1911 సవరణలో తొలగించారు.

బుద్ధి పుట్టుకతోనే బిగిసిపోతుందన్న వాదాన్ని 1909 నాటి గ్రంథంలో ఆయన గట్టిగా ఖండించారు. వెనుకబడిన పిల్లలకు కుదురు నేర్పడానికి, విగ్రహాలవలె కదలక నిలిచే ఆటను సైతం సూచించారు.

1911 అక్టోబరు 18న, 54 ఏళ్లకే బినే పారిస్‌లో మరణించారు. మరుసటి ఏడే జర్మనీలో స్టెర్న్ మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించాడు. 1916లో అమెరికాలో టెర్మన్ దానిని నూటితో హెచ్చించి ప్రజ్ఞాలబ్ధిగా ప్రచారం చేశాడు. అంతకుముందే గాడర్డ్ అనుచరులు న్యూయార్కు రేవులో ఓడ దిగిన వలసదారులను ఈ ప్రశ్నలతోనే పరీక్షించి, ఇంగ్లీషు రాని అనేకులను మందబుద్ధులుగా లెక్కగట్టారు.