మక్కా మస్జిద్‌కు పునాది వేసిన సుల్తాన్

హైదరాబాద్ వెళ్ళిన వారిలో చార్మినార్ చూడని వారు అరుదు. దానికి నైరుతి దిక్కున కొద్ది అడుగుల దూరంలోనే మక్కా మస్జిద్ ఉంది. అక్కడ రెండు రకాతులు చదువుకుని వచ్చిన వారిలో కూడా చాలామందికి దాని పునాది వేసిన వ్యక్తి గురించి తెలియదు. ఆయనే గోల్కొండ ఆరవ పాలకుడు సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా (అల్లాహ్ ఆయన్ని కరుణించుగాక!).

ఆయన 1593లో జన్మించారు. 1591లో హైదరాబాద్ నగరాన్ని స్థాపించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఆయనకు పెదతండ్రి, ఆపైన మామగారు కూడా. 1607లో కులీ కుమార్తె హయాత్ బక్షీ బేగంతో ఆయన వివాహం జరిగింది. నేటి హయత్‌నగర్‌కు ఆమె పేరే వచ్చింది. 1612లో ఆయన సింహాసనం అధిష్ఠించారు. పుస్తకాలన్నా, పండితుల సాంగత్యమన్నా ఆయనకు ఎంతో మక్కువ. తాను చదివిన గ్రంథాలపై స్వదస్తూరీతో వ్రాసుకునే అలవాటు కూడా ఉండేది.

1617లో మస్జిద్ నిర్మాణానికి పూనుకున్నారు. ఆనాటి సంగతిగా ఒక కథనం తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నారు. ఉలమాలు, ప్రముఖులు సమావేశమైన వేళ, యుక్తవయసు వచ్చినప్పటి నుంచీ ఒక్క నమాజు కూడా తప్పని వారు ముందుకు వచ్చి పునాదిరాయి వేయాలని సుల్తాన్ కోరారట. ఎవరూ కదలలేదు. చివరికి ఆయనే ముందుకు వచ్చి, పన్నెండో ఏట నుంచి తన తహజ్జుద్ సైతం తప్పలేదని చెప్పి రాయి వేశారట. రాత్రి చీకటిలో తనకూ తన ప్రభువుకూ మధ్య ఉన్న ఆ రహస్యాన్ని, మరెవరూ ముందుకు రానప్పుడే బయటపెట్టారన్నది ఇందులో గమనించదగిన విషయం.

చీమకుర్తి గ్రానైటు క్వారీలు ఎరిగిన మన ప్రాంతం వారికి పెద్ద బండను పగలగొట్టి తరలించడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. యంత్రాలు లేని ఆ కాలంలో, మస్జిద్‌లోని మిహ్రాబ్ కోసం ఒకే బండను తొలవడానికి ఐదారు వందల మంది ఐదేళ్ళు శ్రమించారనీ, దాన్ని లాగడానికి 1400 ఎద్దులు కావలసి వచ్చాయనీ ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ వ్రాశాడు. పనులను మీర్ ఫైజుల్లా బేగ్, రంగయ్య చౌదరి పర్యవేక్షించారని చెబుతారు.

కాని సుల్తాన్ ఆ మస్జిద్ పూర్తి కావడం చూడలేదు. నలభై ఏళ్ళు కూడా నిండకుండానే 1626లో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. కుమారుడు అబ్దుల్లా కాలం గడిచింది, అబుల్ హసన్ తానాషా కాలం గడిచింది. 1687లో గోల్కొండ రాజ్యమే అంతరించింది. ఆ రాజ్యాన్ని జయించిన ఔరంగజేబ్ హయాంలో, 1694లో, అంటే 77 ఏళ్ళకు నిర్మాణం ముగిసింది. వంశం పోయింది, సింహాసనం పోయింది. సజ్దా చేసే చోటు మాత్రం మిగిలింది.

పాఠకులారా! ఈనాడు మన ఊళ్ళలో మస్జిద్ గోడ లేవకముందే శిలాఫలకంపై ఎవరి పేరు ముందుండాలన్న పేచీ లేస్తోంది. చందా ఇచ్చిన చేతులు ఫజ్ర్ జమాఅత్‌లో కనిపించవు. మస్జిద్‌కు రాయి ఎవరైనా వేయగలరు. ఆ రాయి వేసే అర్హత మాత్రం ఎవరూ చూడని రాత్రుల్లో సంపాదించుకోవలసిందే. పని మన జీవితంలో పూర్తి కాకపోయినా ఫర్వాలేదు. సంకల్పం స్వచ్ఛమైనదైతే పూర్తి చేయించేవాడు అల్లాహ్. ఆయన మనందరికీ అలాంటి సంకల్పాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.